ఏడో రీఫిల్లు

అనంతపురం నుంచి తాడిపత్రికి పోయే రోడ్డు బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదుగా సాగుతుంది. మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డం వేయించి కట్టించిన చెరువు ఇది. కట్టకు ఒక కొసన రాజు పేరిట బుక్కరాయసముద్రం వెలిసింది. రెండో కొసన రాణి పేరిట వెలిసిన అనంతసాగరమే తర్వాత అనంతపురమైందంటారు. కట్ట తెగబోయిన ఒక రాత్రి బసిరెడ్డి అనే ఆయన చిన్న కోడలు ముసలమ్మ తన ప్రాణమిచ్చి ఊరిని కాపాడిందన్న కథ సి.పి. బ్రౌన్ సేకరించిన అనంతపురం చరిత్రలో ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, మద్రాసులో చదువుకుంటున్న రోజుల్లో, ఆ కథనే 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా మలిచారు. ఊరికి ఆమె దేవత. కట్ట మీద ఆమెకు మొక్కే ఆడవాళ్ళు ఈనాటికీ ఉన్నారు.

ఈ కథను గారడీలో వాడుకోవచ్చా? చెయ్యి తగలకుండా, గాలి ఊదకుండా వస్తువును కదిలించే ఆట ఒకటుంది. చూసేవాళ్ళు అది మనోశక్తి అనుకుంటారు. దానికి ముసలమ్మ కథ తొడిగితే ఏమవుతుందన్నదే కింది వాదం. ఇందులో మామ బళ్ళో సైన్సు చెప్పి రిటైరైనవాడు, జన విజ్ఞాన వేదిక తరఫున ఊరూరా తిరిగి బాబాల మాయలు బయటపెట్టినవాడు. అల్లుడు ఆయన అక్క కొడుకు, బడి వార్షికోత్సవాల్లోనూ తిరునాళ్ళలోనూ మ్యాజిక్ చేస్తాడు. ఇద్దరూ నిజంగా ఉన్న ఏ ఒక్క ఇంటివాళ్ళూ కారు. వాళ్ళ మాటలు మాత్రం ఈ సీమలో తరచూ వినబడేవే.

అల్లుడు: ముందు చూడు మామా, తర్వాత తిట్టు. ఏడు సీసాలు వరసగా పెడతా. ఒక్కో మూత మీద ఒక ఖాళీ పెన్ను రీఫిల్లు అడ్డంగా, తూకం తప్పకుండా పెడతా. అవి బసిరెడ్డి ఏడుగురు కోడళ్ళు. కట్ట తెగతాంది, గంగమ్మ ఒకర్ని అడగతాంది అని కథ ఎత్తుకుంటా. ఒక్కొక్కరి దగ్గరికీ వేలు తీసకపోతా. పెద్ద కోడలు కదలదు. రెండో ఆమె కదలదు. ఆరుగురూ కదలరు. ఏడో సీసా దగ్గరికి వేలు పోతానే రీఫిల్లు మెల్లగా తిరిగి వేలికి ఎదురుగా నిలబడతాది. వేలు ఎటు పోతే అటు తిరుగుతాది. నేను ముట్టుకోను. నోటికి గుడ్డ కట్టుకోనుంటా గాబట్టి ఊదినానని కూడా అనలేరు.

మామ: భుజాన కురుబోళ్ళ కంబళి ఏంటికి?

అల్లుడు: కథ చెప్పే గొల్లాయన వేషం.

మామ: వేషం కాదు, ఉన్ని. రీఫిల్లు కొసల్ని ఉన్నికి రుద్దితే స్థిర విద్యుత్తు పుడతాది. వేలు దగ్గరికొస్తే దానికేసి లాగబడతాది. బళ్ళో ఏండ్లకొద్దీ చెప్పిన పాఠమే. మిగిలిన ఆరింటినీ ఏం చేస్తావు?

అల్లుడు: తడిగుడ్డతో తుడిచి పెడతా, రవ్వంత కూడా మిగలకుండా. ఏడోదాన్ని నడుమ పట్టుకోని కొసలే రుద్దాల. నడుమ రుద్దితే మూతకు కరుచుకోని తిరగదు. ముందు స్ట్రాలతో చేస్తాంటి. 2022 జులైలో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించినాక రీఫిల్లుకు వచ్చినా. ఇదీ ఒకందుకు మంచిదే, ప్రతి పిల్లోడి సంచీలోనూ ఉండేదే. మన ఊరి గాలికి ఎంత బాగా తిరుగుతాదో చూడు. కోస్తాలో ఉక్కపోత నాడు చేస్తే పరువు పోతాది. తేమకు ఆవేశం నిలవదు.

అల్లుడు చెప్పింది నిజం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే నేల ఇది. ఎండాకాలం గాలిలో తేమ చాలా తక్కువ. రైతును ముంచే ఆ పొడి గాలే ఈ ఆటను నడిపిస్తుంది. వాన పడే రోజున రీఫిల్లు తిరగదు. ఆ రోజు ఆట ఆగిపోయిందని ఈ ఊళ్ళో ఎవరూ బాధపడరనుకోండి.

మామ: ఆట బాగుంది. కథ బాగలేదు. గంగమ్మ ఒక ఆడబిడ్డను కోరుకుంది, కోరుకున్నట్టు రుజువు కూడా ఇచ్చింది అని నువ్వు జనం కండ్ల ఎదుట చూపిస్తాండావు. కథగా విన్నప్పుడు మనిషి నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. వస్తువు కదిలితే సాక్ష్యం అవుతాది. ఆరుగురు కదల్లేదు, ఏడో ఆమె కదిలింది, కాబట్టి నీళ్ళకు ఆమే కావాల. ఇంతకంటే గట్టిగా బలిని సమర్థించినోళ్ళు ఎవరున్నారు?

అల్లుడు: కట్టమంచి ఆ కథను పద్యాల్లో చెప్పలేదా? ఆయన్నీ బలిని సమర్థించినాడంటావా?

మామ: ఆయన ఒక ఆడమనిషి ధైర్యాన్ని, ఆమె ఇంటిని, ఆమె పోతాంటే ఏడ్చినోళ్ళను రాసినాడు. చదివేవాడి గుండె కదిలించినాడు, రీఫిల్లును కాదు. ఇంకోటి చెప్తా విను. ఈ చెరువు కట్టిన అయిదేండ్లకు, 1369లో, అదే బుక్కరాయల కొడుకు భాస్కరుడు కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు కట్టించినాడు. దాని శాసనంలో చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండగూడదని లెక్కగా రాయించినాడు. ధనమూ ధర్మమూ ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసినోడు, గట్టి నేల, తియ్యటి నీళ్ళ ఏరు, ఇట్లా సాగుతాది. దోషాల్లో మొదటిది కట్టలోనుంచి నీళ్ళు ఊరడం. వెయ్యిమంది కూలోళ్ళు రెండేండ్లు పనిచేసినారని కూడా ఉంది. ఆ పన్నెండింట్లో కోడలు లేదప్పా. కట్ట ఎందుకు తెగతాదో ఆ కాలపోళ్ళకు బాగా తెలుసు.

అల్లుడు: తెలిసినా కథ పుట్టింది గదా. తెలిసినోళ్ళు శాసనం రాసుకున్నారు, భయపడినోళ్ళు కథ చెప్పుకున్నారు. నేను భయపడినోళ్ళ మధ్య ఆట ఆడతాండా. గారడీ ఎప్పుడూ కథతోనే బతికింది మామా. విప్రవినోదులు ఉన్నారు, తెలంగాణలో పద్మశాలీలను నమ్ముకోని ఆడిన సాధనాశూరులు ఉన్నారు. వట్టి చేతివాటం చూపించి వాళ్ళెవరూ జనాన్ని కూర్చోబెట్టలేదు. ఇంద్రజాలాన్నీ హస్తలాఘవాన్నీ అరవై నాలుగు కళల్లో చేర్చినారు. కథ తీసేస్తే నా దగ్గర మిగిలేది ప్లాస్టిక్ గొట్టం. నువ్వు ల్యాబులో చూపించినావు గదా ఆ గొట్టాన్ని, ఎంతమంది పిల్లోళ్ళకు గుర్తుంది?

మామ: ఆ దెబ్బ తగిలింది. అయినా ఆగను. అమెరికాలో జేమ్స్ హైడ్రిక్ అని ఒకడు మనోశక్తితో టెలిఫోన్ డైరెక్టరీ పుటలు తిప్పుతానన్నాడు. చైనా గురువు దగ్గర నేర్చిన విద్య అని కథ అల్లినాడు. పిల్లోళ్ళు శిష్యులైపోయినారు. 1981లో టీవీలో జేమ్స్ రాండీ ఆ పుస్తకం చుట్టూ థర్మాకోల్ ముక్కలు పోసి, ఇప్పుడు తిప్పు అన్నాడు. ఊదితే ముక్కలు ఎగురుతాయి. ఆ పొద్దు పుట కదల్లేదు. దీపాల వేడికి థర్మాకోల్‌లో స్థిర విద్యుత్తు పుట్టి నా శక్తికి అడ్డం పడతాందని సాకు చెప్పినాడు. ఊదడమే తన విద్యని తర్వాత వాడే ఒప్పుకున్నాడు. ఆ పిల్లోళ్ళను పట్టి ఉంచింది ఊపిరా, చైనా గురువా?

అల్లుడు: గురువే. ఒప్పుకుంటా. వాడు శక్తి నాది అన్నాడు. నేను శక్తి నాదని అనను.

మామ: గంగమ్మది అంటావు. ఇంకా నయం!

ఇక్కడ మామ పక్షమే బలంగా కనిపిస్తుంది నాకు. ప్రదర్శకుడు తన మీద వేసుకోని శక్తిని దేవత మీద వేస్తే బాధ్యత తీరిపోదు. అయితే అల్లుడి దగ్గర కూడా జవాబు ఉంది.

అల్లుడు: నీ పద్ధతి సంగతి చూద్దాం. మీరు ఊరికొస్తారు, నాలిక్కి శూలం గుచ్చుకుంటారు, నిప్పుల మీద నడుస్తారు, గాల్లోంచి విబూది తీస్తారు, వెంటనే గుట్టు చెప్తారు. జనం నవ్వుతారు. నవ్వినోళ్ళు ఆ బాబాను వదిలేస్తారు, సరే. మరుసటి వారం బోరు వేయాల్సొస్తే ఎవర్ని పిలుస్తారు?

మామ: ...

అల్లుడు: చెప్పు మామా. పాయింట్ చూసే ఆయన్నే గదా! టెంకాయ అరచేతిలో అడ్డంగా పెట్టుకోని చేనంతా తిరుగుతాడు. నీళ్ళున్న చోట టెంకాయ లేసి నిట్టనిలువుగా నిలబడతాది. ఇంకొకాయన వేప కొమ్మ పంగ పట్టుకుంటాడు, అది కిందికి వంగుతాది. అక్కడ సున్నంతో గుర్తు పెడతారు, మర్నాడు రిగ్గు లారీ దిగుతాది. నీ కార్యక్రమాలకు ముందు వరసలో కూచున్న రైతే ఆ టెంకాయ వెంబడి నడుస్తాడు.

మామ: నడుస్తాడు. అందుకే నీ రీఫిల్లు అంటే నాకు భయం. వేరే ఊర్లలో వస్తువు తనంతట తాను కదిలితే వినోదం. మన కరువు సీమలో దాని మీద అప్పు పుడతాది. మన కింద ఉండేది గట్టి రాయి. నీళ్ళు రాతి పగుళ్ళలో మాత్రమే దొరుకుతాయి. ఒక చోట పడతాయి, పది గజాల అవతల దుమ్మొస్తాది. వందల అడుగులు తోలినాక దుమ్మే వస్తే, పెండ్లాం మెడలో గొలుసు బ్యాంకులో ఉంటాది. ఇంకో టెంకాయ, ఇంకో బోరు. జియాలజిస్టు మిషను కూడా తప్పొచ్చు, కాదనను. తప్పినప్పుడు ఆయన కాగితం చూపించి ఎందుకు తప్పిందో చెప్పగలడు. టెంకాయ ఏం చెప్తాది? నీ ఆట చూసినోడు రాత్రి నీ ఇంటికొచ్చి, సామీ, మా చేన్లో పాయింట్ చూడు అంటే నువ్వేమంటావు?

అల్లుడు: అడిగినారు మామా. ఒకాయన అడిగినాడు.

మామ: చూసినావా!

అల్లుడు: చూడలేదు, పంపించేసినా. కానీ ఆయన నమ్మలేదు. తెలిసీ చెప్పడంల్యా అనుకోని పోయినాడు.

మామ: మరి?

అల్లుడు: అక్కడే ఆలోచనలో పడినా. పాయింట్ చూసే ఆయన మోసగాడు కాడు. వాళ్ళ నాయన కూడా అదే పని. తన చేతిలో టెంకాయ తనే లేపుతాండాడని ఆయనకు తెలియదు. అరచెయ్యి రవ్వంత వాలితే చాలు, నిక్కి నిలబడే కాయ అది. నేను తెలిసి చేస్తాండా, ఆయన తెలియక చేస్తాండాడు. మోసం అంటే నాదే పెద్దది. అయినా నష్టం ఆయన వల్ల ఎక్కువ.

మామ: తెలియకుండా చెయ్యి చేసే పనిని 1853లోనే ఫారడే పట్టుకున్నాడు. ఆ పొద్దు లండన్‌లో బల్లలు తిప్పే పిచ్చి పట్టింది. నలుగురు చుట్టూ కూచోని బల్ల మీద చేతులు పెడితే ఆత్మలొచ్చి తిప్పుతాయని. ఫారడే చేతులకూ బల్లకూ నడుమ అట్టముక్కలు పేర్చినాడు. ముందు బల్ల కదిలితే కింది అట్ట ముందు జరగాల. చేతులు తోస్తే పై అట్ట ముందు జరగాల. పై అట్టే ముందు జరిగింది. ఆ తర్వాత చేతులు జరిగితే కండ్లకు కనబడేట్టు ఒక ముల్లు అమర్చినాడు. కూచున్నోళ్ళు ఆ ముల్లును చూస్తాన్నంతసేపు బల్ల కదల్లేదు. వాళ్ళు అబద్ధాలకోర్లు కారు. తామే తోస్తున్నట్టు కండ్లారా కనబడినాక చేతులు ఆగిపోయినాయి, అంతే.

అల్లుడు: ఉపన్యాసం ఇచ్చి ఆపలేదు, ఒక ముల్లు పెట్టి ఆపినాడు. నేను చెప్పేదీ అదే.

మామ: నువ్వు ముల్లు పెట్టడంల్యా. ఆత్మను పెడతాండావు. ఏడో కోడల్ని గంగమ్మ ఎన్నుకోలేదురా, నువ్వు కంబళికి రుద్దినావు!

ఈ మాట తర్వాత సంవాదం దారి మారింది. అల్లుడు కాసేపు మాట్లాడడు. తర్వాత సీసాలను మళ్ళీ వరసలో పెడతాడు.

అల్లుడు: ఇంకోసారి అను.

మామ: ఏమనాల?

అల్లుడు: రుద్దింది నేనే అన్నావు గదా. అయితే విను. కథ నేను చెప్పినట్టే చెప్తా. ఆరుగురు కదలరు, ఏడో ఆమె తిరుగుతాది. జనం ఊపిరి బిగబట్టినప్పుడు ముందు వరసలోనుంచి ఒక ఆడపిల్లను పిలుస్తా. బిడ్డా, నీకిష్టమైన కోడల్ని తీసుకో అంటా. ఆ పిల్ల పెద్ద కోడల్ని తీసుకుంటాదనుకో. కొసలు ఈ కంబళికి రుద్దమంటా. సీసా మీద పెట్టి, ఇప్పుడు నీ వేలు పెట్టు అంటా. పెద్ద కోడలు తిరుగుతాది. ఇంకో పిల్ల వచ్చి మూడో ఆమెను రుద్దుతాది, ఆమే తిరుగుతాది. ఏడుగురూ తిరుగుతారు. ఎవర్ని రుద్దితే గంగమ్మ వాళ్ళనే అడుగుతాది.

మామ: ...ఎవరు రుద్దినారన్న ప్రశ్న పుడతాది.

అల్లుడు: పుడతాది గదా. నేను అడగను. బసిరెడ్డి ఇంట్లో అత్త ఉంది, మామ ఉన్నాడు, ఆరుగురు పెద్ద కోడళ్ళు ఉన్నారు. అందరికంటే చిన్నది, అందరికంటే మాట చెల్లనిది ఏడో ఆమె. గంగమ్మ సరిగ్గా ఆమె పేరే ఎందుకు చెప్పిందో ముందు వరసలో ఉండే ఆడోళ్ళకు నేను విడమర్చి చెప్పాల్నా?

మామ: చెప్పాల. చెప్పకుంటే సగంమంది చమత్కారం అనుకోని ఇంటికి పోతారు.

అల్లుడు: మిగతా సగం రాత్రంతా నిద్రపోరు. నాకు ఆ సగం చాలు. ముసలమ్మకు మొక్కుకునే అవ్వ ముందర నిలబడి, నీ దేవతను ఇంట్లోవాళ్ళే పంపించినారు అని మైకులో చెప్పను మామా. ఆమె మొక్కేది ఆ పిల్ల త్యాగానికి. అది అబద్ధం కాదు. ప్రాణం ఇచ్చిన మనిషి గొప్పదే, అడిగినోళ్ళ సంగతి వేరే.

మామ: ఆ రెండూ విడదీసి చూపించడం నాకూ సమ్మతమే. ఆమెకు అదే న్యాయం. గుట్టు మాత్రం ఆ రోజే, ఆ స్టేజీ మీదే చెప్పాల. ఎందుకో చెప్తా. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం రాబర్ట్ హూడిన్ అనే గొప్ప మాంత్రికుణ్ణి అల్జీరియాకు పంపింది. అక్కడి ఫకీర్ల మహిమల కంటే ఫ్రాన్సు మహిమ గొప్పదని చూపించాలని. ఆయన దగ్గర ఒక చిన్న పెట్టె ఉండేది. అడుగున ఇనుము, స్టేజీ కింద విద్యుదయస్కాంతం. ఒక బలశాలిని పిలిచి, ఎత్తు అన్నాడు, ఎత్తినాడు. నీ బలం లాగేసినాను, ఇప్పుడెత్తు అన్నాడు. కరెంటు పారించినారు, పెట్టె కదల్లేదు. చివరికి పిడిలోకి షాకు వదిలితే ఆ మనిషి కేకలు పెట్టి పరుగెత్తినాడు. ఆట అదే, అయస్కాంతం అదే. పారిస్‌లో చేస్తే చప్పట్లు. పాలించేవాడు పాలితుల ముందర చేస్తే జులుం.

అల్లుడు: ఇది మహిమ కాదు, నేర్పు మాత్రమేనని తర్వాత దుబాసీలతో చెప్పించినాడని కూడా ఆయనే రాసుకున్నాడు.

మామ: భయం పని చేసినాక చెప్పించినాడు. నేను అడిగేదీ అదే. చెప్పడం ఒక్కటే చాలదు, ఎప్పుడు చెప్తావన్నది ముఖ్యం.

అల్లుడు: నా ఆటలో గుట్టు నేను చెప్పను, పిల్లోళ్ళ చేతికే ఇస్తా. కంబళి వాళ్ళ చేతిలో ఉంటాది, రీఫిల్లు వాళ్ళ సంచీలో ఉంటాది. ఇంటికి పోయి రాత్రి పది గంటలకు కూడా రుద్దుతాంటారు. ఒకడు నూనె రాసిన తలకు రుద్దితే తిరగడంల్యా అని తెలుసుకుంటాడు, ఇంకొకతి చున్నీకి రుద్ది తిప్పుతాది. నువ్వు నల్లబల్ల మీద రాసిన పాఠమే అది. రాసింది చెరిగిపోతాది, వేలికి తగిలింది పోదు.

మామ: సరే, దీనికి ఒప్పుకుంటా. టెంకాయ సంగతి?

అల్లుడు: స్టేజీ ఎక్కించను.

మామ: ఏంటికి? అన్నిటికంటే ముఖ్యం అదే గదరా! నీ ఏడుగురు కోడళ్ళ కథ ఏండ్ల కిందటిది. టెంకాయ ఈ ఎండాకాలంది.

అల్లుడు: స్టేజీ మీద ఆయన కండ్లకు గంత కట్టి నడిపిస్తే, టెంకాయ ప్రతిసారీ ఒక కొత్త చోట లేస్తే, ఊరంతా నవ్వుతాది. ఆయన మన ఊరోడు మామా. వరసకు మాకు చిన్నాయన అవుతాడు. నవ్వులపాలైనోడు మారడు, పక్క ఊరికి పోయి అదే పని చేస్తాడు. నువ్వు, నేను, ఆయన, ముగ్గురమే పోదాం. మా చేన్లోనే. గంత ఆయనే కట్టుకుంటాడు, గుర్తులు ఆయనే పెట్టుకుంటాడు. గంత తీసినాక తన గుర్తులు తనే చూసుకుంటాడు.

మామ: గుర్తులు చూసినాక కూడా గంత వల్ల శక్తి పనిచేయలేదు అంటే? హైడ్రిక్ థర్మాకోల్‌ను అన్నట్టు?

అల్లుడు: అనొచ్చు.

మామ: అప్పుడు?

అల్లుడు: అప్పుడు రైతునే పిలుస్తాం. తన డబ్బుతో తోలించుకునేవాడు తన కండ్లతో చూసుకుంటాడు. చిన్నాయన పరువు నలుగుర్లో పోదు, రైతు గొలుసు బ్యాంకుకు పోదు.

మామ: ఆయన రానంటే?

అల్లుడు: అడిగి చూస్తా. సాయంత్రం బడి కాడికి వస్తాడు, మనవరాల్ని తీసకపోనీకి. ఆ పిల్ల కూడా ఆట చూస్తాది. కంబళికి రుద్దే పిల్ల ఆమే అయితే ఇంకా బాగుంటాది.

మామ: ముందే అనుకోని ఆ పిల్లను పిలవద్దు. పిలిస్తే నువ్వు ఎంచినట్టే అవుతాది. చీటీ వేసి పిలువు.

అల్లుడు: చీటీ ఆ పిల్లోళ్ళతోనే తీయిస్తా.